మందవాళ్ళు ఎందుకు ఓడిపోతారు

రెండు మోటర్లలో ఏది మంచిదని రైతు అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. రెండింటినీ ఒకే బోరులో, ఒకే లోతుకు దింపాలి. కరెంటు ఒకే తీరుగా ఉన్న పూటనే రెండూ నడవాలి. రెండూ ఒకే డ్రమ్మును నింపాలి. ఇందులో ఏ ఒక్కటి మారినా మనం పోల్చింది మోటర్లను కాదు, బోర్లనో కరెంటునో. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పదో తరగతి తప్పి, నల్లగొండలో ఒక వైండింగ్ షాపులో చేరి, కాలిపోయిన మోటర్లలోంచి రాగి తీగ ఊడదీస్తూ, చుట్లు లెక్కపెడుతూ నాకు నేనే తెలుసుకున్నాను. తర్వాత చండూరులో సొంత షాపు పెట్టుకున్నాను. యాభై ఏళ్ళు వచ్చినా ఇప్పటికీ ఒకరి మాట విని ఇది మంచిది, అది చెడ్డది అనను.

మా అన్న నాకన్నా ఆరేళ్ళు పెద్ద. నాయిన కాసిన గొర్రెల మందనే అన్న కూడా కాశాడు. మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరిన్ ఎక్కువ. నేను పని కోసం బయటికి పోయి వేరే నీళ్ళు తాగాను. అన్న అక్కడే ఉండి అవే తాగాడు. నలభై ఐదు దాటేసరికి అతని వెన్ను బిగుసుకుపోయింది. మెడ తిరగదు. పక్కన ఉన్నవాళ్ళను చూడాలంటే మంచం మీద ఒళ్ళంతా తిప్పుకోవాలి, దానికి వదిన చెయ్యి వేయాలి. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు మా ఇంటి ముందుకు నల్లా నీళ్ళు వచ్చాయి. మంచి నీళ్ళే. కానీ బిగుసుకున్న ఎముకను నీళ్ళు తిరిగి వంచలేవని దవాఖానలో డాక్టరు ముందే చెప్పాడు. మంద వెంట నడిచే మనిషి లేకపోయేసరికి మందను అమ్మేశాం.

ఆ తర్వాత ఇంట్లోకి ఆట వచ్చింది. తెచ్చింది భాయ్. చండూరులో నా షాపు పక్కనే అతని మొబైల్ రిపేరు షాపు. ఎవరో బాగు చేయమని ఇచ్చి మళ్ళీ రాని పాత ట్యాబ్ ఒకటి అతని దగ్గర పడి ఉంది. అందులో ఈ ఆట ఉంది. వంతుల ఆట. ముగ్గురు ఆడొచ్చు. ఒకరు తమ మనుషులను కదిపి, ఏం కట్టాలో ఏం కూడబెట్టాలో చూసుకుని, వంతు ముగించి ట్యాబ్‌ను పక్కవాళ్ళకు ఇస్తారు. ఎంతసేపు ఆలోచించినా ఎవరూ తొందరపెట్టరు. వేళ్ళు కూడా సరిగ్గా వంగని అన్నకు అందుకే అది పనికొచ్చింది. భాయ్, మా బావ, అన్న, ఈ ముగ్గురూ ఆదివారం పొద్దున మా ఊరి ఇంట్లో ఆడేవారు. బావ అంటే మా అక్క పెనిమిటి, ట్రాక్టరు నడుపుతాడు. నేను ఆడేవాణ్ణి కాదు. పక్కన కూర్చుని చూసేవాణ్ణి, లెక్క తప్పితే చెప్పేవాణ్ణి.

ఆటలో మూడు పక్షాలున్నాయి. వాటి పేర్లు ఇంగ్లీషులో ఉంటే మేం మా పేర్లు పెట్టుకున్నాం. మొదట్లో ఏ పక్షానికి ఎంత సరుకు ఇవ్వాలో కూడా ఆడేవాళ్ళే పెట్టుకోవచ్చు. కోటవాళ్ళు గోడలు కడతారు, నిదానంగా పెరుగుతారు. ఏటివాళ్ళకు నీళ్ళ ఒడ్డున పంట పండుతుంది. మందవాళ్ళకు కోటా లేదు, పంటా లేదు, జీవాలున్నాయి. గడ్డి ఉన్న చోటికి పోతారు, మంద పెరిగినకొద్దీ బలం పెరుగుతుంది. ఆట సగంలో ఎండాకాలం వస్తుంది. గడ్డి ఎండిపోతుంది. అప్పటికి దాచిన మేత మీదనే మంద బతకాలి. మేత అయిపోయిన వంతులోనే మంద మొత్తం చచ్చిపోతుంది.

అన్న ఎప్పుడూ మందవాళ్ళనే తీసుకునేవాడు. ఎప్పుడూ ఎండాకాలంలోనే ఓడిపోయేవాడు.

మొదట అది నవ్వులాటగానే ఉండేది. "బామ్మర్దీ, నీ మంద సచ్చుడు మాకు పంచాంగం లెక్క అయిపోయింది. దాన్ని చూసే ఎండకాలం వచ్చిందని ఎర్కయితున్నది," అనేవాడు బావ. అన్న కూడా నవ్వేవాడు. కానీ నెలలు గడిచేసరికి నవ్వు తగ్గింది. దానికి కారణం ఉంది, బావ మీద నేను తప్పు పెట్టను. మంద చచ్చిపోగానే అన్న భూమి అంతా ఖాళీ అవుతుంది. ఆ భూమికి ఎవరి హద్దు ఎక్కువ ఆనుకుని ఉంటే వాళ్ళు దాన్ని ఆక్రమిస్తారు, వాళ్ళే గెలుస్తారు. అంటే బావ బాగా ఆడాడా, భాయ్ బాగా ఆడాడా అన్నదానితో పనే లేదు. మొదట చీటీ వేసినప్పుడు అన్నకు దగ్గర మూల ఎవరికి వచ్చిందో చూస్తే గెలుపు తెలిసిపోతుంది. నేను ఊరికే కూర్చుని ఈ సంగతి ఎప్పుడో గమనించాను, ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం బావే చెప్పేశాడు.

"మేమిద్దరం ఆడుతున్నమా, నీ పక్కపొంటి కూసున్నోడు గెలుస్తున్నడా? గిది ఆటెట్లయితది? పక్షమన్న మార్చు, లేకుంటే జర పక్కకు జరుగు. ఇంకెవరినన్న పిలుచుకుంటం."

భాయ్ ట్యాబ్ అద్దం తుడుస్తూ తల ఎత్తలేదు. అన్న కాసేపు పైకప్పు వైపే చూశాడు. వెల్లకిలా పడుకున్నవాడికి చూడటానికి అదొక్కటే ఉంటుంది. తర్వాత బావతో కాదు, నాతో మాట్లాడాడు.

"నువ్వు మోటర్లు చూస్తవు గదరా. గట్లనే దీన్ని చూడు. తప్పు మందల ఉన్నదా, నాల ఉన్నదా తేల్చు. మందకే బలం తక్కువుంటే వీళ్ళను ఇంకింత మేత ఇయ్యుమందాం. నాదే తప్పయితే నాకు చెప్పు. నేనే బంద్ జేస్త."

ఆ రోజు వచ్చేటప్పుడు వదిన వాకిట్లోకి నా వెంట వచ్చింది. శనివారం సాయంత్రమే గడ్డం గీయమని అడుగుతాడని, ఆదివారం ఒక్కనాడే రెండు పూటలా తింటాడని, మిగతా దినాలు మాట్లాడించినా పలకడని చెప్పింది. "గది గూడ పోయిందనుకో, ఇగ ఇంట్ల మనిషున్నడని నేను అనుకోవాల్నంతే," అన్నది. ఆమె ఏడవలేదు. పొయ్యి మీద బియ్యం ఉన్నాయని లోపలికి పోయింది.

నేను ట్యాబ్‌ను షాపుకు తెచ్చుకున్నాను. పోల్చడం ఎలాగో ముందు ఆలోచించాను. ఆటలో మూడు మూలలున్నాయి. ఒక మూలలో గడ్డి ఎక్కువ, ఒక మూలకు ఏరు దగ్గర, ఒకటి రాళ్ళ నేల. మూల మారితే బోరు మారినట్టే. ముందు వంతు ఎవరిదన్నది కూడా తేడా తెస్తుంది. కాబట్టి ప్రతి పక్షం ప్రతి మూలలోనూ కూర్చోవాలి, ప్రతి పక్షానికీ ముందు వంతు, నడిమి వంతు, చివరి వంతు రావాలి. అన్నీ సమంగా సర్దితే తొమ్మిది ఆటలు తేలాయి. ఆడే మనిషి మారకూడదు. బావ దూకుడు మనిషి, భాయ్ నిదానం. వాళ్ళ చేత ఆడిస్తే మనుషులను పోల్చినట్టవుతుంది. అందుకని మూడు పక్షాలూ నేనే ఆడాను. ఏ పక్షానికీ పక్షపాతం చూపించకుండా, ఒక్కో వంతులో ఆ పక్షానికి ఏది మేలో అదే చేశాను. కరెంటు లేని వేళ, బేరం లేని వేళ షాపు నేల మీద సుద్దముక్కతో గెలుపోటములు గీసుకుంటూ ఆడాను.

తొమ్మిదింటిలోనూ మందవాళ్ళే ముందు పోయారు. గడ్డి ఎక్కువ ఉన్న మూల ఇచ్చినా పోయారు. నేను లెక్క వేసి దాచిన మేత ఎప్పుడూ ఎండాకాలం సగంలోనే అయిపోయేది. కోటవాళ్ళూ ఏటివాళ్ళూ ఆ తొమ్మిది గెలుపులను దాదాపు సగం సగం పంచుకున్నారు.

నాకు సందేహమేమీ మిగల్లేదు. ఆదివారం పోయి ముగ్గురి ముందూ చెప్పాను. తప్పు అన్నది కాదు, ఆ పక్షం బలమే తక్కువ, మొదట్లో ఇచ్చే మేతకు ఇంకో సగం కలిపి ఇస్తే తూకం సరిపోతుంది అన్నాను. బావ కొంచెం గొణిగాడు. "అట్లయితే సంకకెత్తుకోని ఆడిస్తం తియ్యి," అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు. నా లెక్క మీద అతనికి గురి ఉంది, అతని ట్రాక్టరు డీజిలు లెక్క కూడా నేనే చూస్తాను.

ఆ రోజు అన్న ముఖం చూడాల్సింది. బావ వేళాకోళానికి ఎదురు మాట అన్నాడు, చాలా రోజులకు. వదినను పిలిచి వెనక ఇంకో దిండు పెట్టమన్నాడు. "నేను చెప్తనే ఉన్న, మందకు అన్యాయం చేసిండ్రని," అని భాయ్‌తో రెండుసార్లు అన్నాడు. ఆట చేసినవాళ్ళు గొర్రె మొఖం చూడనోళ్ళని, వాళ్ళకు కోటలే తెలుసునని అన్నాడు.

కలిపి ఇచ్చిన మేతతో మంద ఎండాకాలంలో ఇంకొంత దూరం నడిచింది. అప్పటికి ఇంకా పెద్దదైంది. తర్వాత చచ్చిపోయింది. భూమి కూడా ముందుకన్నా ఎక్కువ ఉండటంతో పక్కవాళ్ళకు దక్కింది ఇంకా ఎక్కువ. ఆపై ఆదివారం కూడా అంతే. ఆపైది కూడా. బావ ఈసారి వేళాకోళం మానేసి, తన వంతు ముగించి ట్యాబ్‌ను మెల్లగా పక్కకు ఇచ్చేవాడు. ఆ మర్యాదే నాకు బరువనిపించింది.

ఒక మధ్యాహ్నం షాపులో భాయ్ చాయ్ తాగుతూ అన్నాడు, "యార్, నువ్వు ఒకటి ఇడిసిపెట్టినవ్. మోటరుకు చెయ్యి ఉండదు. ఆటకుంటది. అన్ని ఆటలు ఒక్క చెయ్యే ఆడింది గదా. ఆ చెయ్యికి ఏదన్న ఆదత్ ఉంటే?"

అలవాటు ఉంటే అన్ని పక్షాలకూ ఒకే తీరుగా తగులుతుంది కదా అన్నాను. తగలదు అన్నాడు. మందవాళ్ళను ఈసారి తాను ఆడతానని, మిగతా రెండూ నన్ను ఆడమని అన్నాడు. ఎక్కువ మేత వద్దన్నాడు.

భాయ్ గెలిచాడు. పెద్ద కష్టపడలేదు కూడా. మూల మార్చి మళ్ళీ ఆడాం. రాళ్ళ నేల మీద కూడా మంద ఎండాకాలం దాటి బయటికి వచ్చింది. నేను అతని వేలునే చూస్తూ కూర్చున్నాను. వంతు ముగించే ముందు అతను ఒక్కో గొర్రె బొమ్మ మీదా వేలు పెట్టి దాని పక్కన ఉన్న చిన్న బొమ్మను కూడా చూస్తున్నాడు. తల్లి వెంట ఉండే పిల్ల అది. దానికి వేరే గడి లేదు, వేరే అంకె లేదు, తల్లితోనే కదులుతుంది. మేత దాచేటప్పుడు అతను దాన్నీ కలుపుకుంటున్నాడు.

"దాన్నెందుకు లెక్కపెడుతున్నవ్?" అని అడిగాను.

"తింటది గద. చిన్నదైతేంది, మూతి ఉన్నది," అన్నాడు.

ఆ పిల్ల తల్లి తినేదాంట్లో సగం తింటుంది. పుట్టిన వంతు నుంచే తింటుంది. ఆటలో ఎక్కడా దాచిపెట్టిన సంగతి కాదు, తెర మీద నా కళ్ళ ముందే ఉంది. తొమ్మిది ఆటలు ఆడి కూడా నేను దాన్ని చూడలేదు. భాయ్ తన బతుకులో గొర్రెను పండగ నాడు తప్ప దగ్గర నుంచి చూసినవాడు కాదు. అందుకే అతనికి అది కనబడింది.

మా ఇంట్లో పాలు తాగే పిల్లను లెక్కపెట్టరు. సాయంత్రం మంద దొడ్డిలోకి వచ్చేటప్పుడు ముళ్ళకంప కొంచెం పక్కకు జరిపి నాయిన సందులో నిలబడేవాడు. చెయ్యి కిందికి పెట్టి ఒక్కో వీపు తాకుతూ లెక్కించేవాడు. తల్లి కాళ్ళ మధ్య పిల్ల దూరిపోతున్నా చెయ్యి దానికి తగిలేది కాదు. తల్లీ పిల్లా కలిసి ఒకటే. పిల్ల గడ్డి కొరికిన నాడు మొదటిసారి దాని వీపు మీద చెయ్యి పడుతుంది, అంకె ఒకటి పెరుగుతుంది. అంతకు ముందే లెక్కపెడితే అది నిలవదని మా నమ్మకం. పశువుల లెక్కకు వచ్చిన సర్కారు మనిషికి కూడా నాయిన పిల్లలను వదిలేసే చెప్పాడు. ఆ మనిషి తన కళ్ళతో చూసి రాసుకుంటానంటే, నీ ఇష్టం, నా నోటితో మాత్రం అనిపించకు అన్నాడు. చిన్నప్పుడు నేను అంకెలు నేర్చుకున్నది బడిలో కన్నా ఆ సందులోనే ఎక్కువ. నాయిన పక్కన నిలబడి, అతని చెయ్యి పడ్డప్పుడల్లా ఒకటి కలిపేవాణ్ణి. పడనప్పుడు కలిపేవాణ్ణి కాదు.

అన్నకు చెప్పకుండా ఉండటానికి లేదు. నన్ను తేల్చమన్నాడు. వారం మధ్యలో ఒక రోజు పోయి మంచం పక్కన కూర్చుని, భాయ్ ఆడిన తీరు చెప్పాను. మంద బలం తక్కువది కాదని, అందరికీ సమానమేనని, పిల్లల మేత కలుపుకుంటే ఎక్కువ ఇవ్వాల్సిన పని లేదని చెప్పాను.

"నువ్వు గూడ పిల్లలను లెక్కపెట్టలేదా?" అని అడిగాడు.

"లేదన్నా. మతికే రాలేదు."

కొంచెం నవ్వాడు. "నాయిన ఇద్దరినీ ఒక్క తీరుగనే చేసిండు," అన్నాడు.

ఇంతే కదా, ఇప్పుడు తెలిసింది కదా, ఇక లెక్కపెట్టి ఆడితే సరిపోతుంది అని నేను అనుకున్నాను. తప్పు ఎక్కడుందో దొరికిన మోటరును బాగు చేయడం పెద్ద పని కాదు. అన్న కూడా సరే అన్నాడు.

ఆదివారం భాయ్ అన్న పక్కన కూర్చుని చూపించాడు. పైకి లెక్కపెట్టమన్నాడు, మరిచిపోకుండా ఉంటుందని. అన్న తల్లి బొమ్మ మీద వేలు పెట్టి ఒకటి అన్నాడు, పిల్ల మీద పెట్టి రెండు అన్నాడు. మొదటి వంతులు అలాగే గడిచాయి. మేత బాగా కూడింది. బావ కూడా మెచ్చుకున్నాడు, తన కోటను కొంచెం భయంగా చూసుకున్నాడు. ఎండాకాలం ఇంకో వంతు దూరంలో ఉండగా మందలో ఒకేసారి చాలా పిల్లలు పుట్టాయి. అన్న వేలు తెర పైన ఆగిపోయింది. చాలాసేపు అలాగే ఉంది.

"మంద అమ్మిన నాడు," అన్నాడు అన్న, "బేరగాడు సందుల నిలవడి పాలపిల్లలను గూడ లెక్కవెట్టిండు. ఒక్కొక్కదాన్ని కాలు వట్టి లేపి, పైకి అనుకుంట. నేను గీ మంచం మీద పండుకోని ఇన్న. మన ఇంట్ల వాటిని లెక్కవెట్టింది గా ఒక్కనాడే."

ఆ రోజు నేను షాపులో ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి దొడ్డి ఖాళీగా ఉంది, లోపల ఏం జరిగిందో అన్న నాకు ఎప్పుడూ చెప్పలేదు.

అన్న ట్యాబ్‌ను బావ చేతికి ఇచ్చాడు. "నాతోని గాదు. తప్పు మందల లేదని తేలింది. నా మాట మీద నేనుంట."

అప్పుడు బావ బతిమాలాడు. బావ బతిమాలడం నేను అంతకు ముందు చూడలేదు. మేత ఎంత కావాలంటే అంత పెట్టుకొమ్మన్నాడు. రెండింతలు పెట్టుకొమ్మన్నాడు. కోటవాళ్ళను తానే ఇచ్చేస్తానన్నాడు, ఊరికే గోడలు కట్టుకుంటూ కూర్చోవచ్చన్నాడు.

"మందకు బలం తక్కువుంటే తీసుకుందు బావా," అన్నాడు అన్న. "తక్కువ లేదని మీ అందరి ముందల్నే తేలె గద. ఇగ ఊకె ఇస్తే ఎట్ల తీసుకుంట? కోటవాళ్ళతోని నేనేం జేస్త?"

సమానమైనదానికి ఎక్కువ ఇవ్వకూడదన్నది నా లెక్కే. దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఇంకో లెక్క లేదు. అన్న వదినను పిలిచి గోడ వైపు తిప్పమన్నాడు. ఆమె ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి తిప్పింది.

తర్వాతి ఆదివారం బావ, భాయ్, నేను పోయేసరికి అన్న నిద్రపోతున్నాడని వదిన చెప్పింది. నిద్రపోవడం లేదని మా ముగ్గురికీ తెలుసు. ఇంట్లో మాటల సప్పుడు ఉంటే తానే మళ్ళీ ఆటలోకి వస్తాడేమో, అరుగు మీద కూర్చుని ఆడండి అని ఆమే అడిగింది. ఇద్దరితో ఆ ఆట సాగదు. నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను. మందవాళ్ళు మిగిలి ఉన్నారు, వాళ్ళనే తీసుకున్నాను. పాలపిల్లలను లెక్కపెట్టడం నాకు మొదట కొంచెం ఇబ్బందిగానే ఉంది, తర్వాత అలవాటైంది. పైకి మాత్రం అనను, మనసులోనే కలుపుకుంటాను.

అలా చాలా ఆదివారాలు గడిచాయి. ఇప్పుడు మూడు పక్షాలూ ఇంచుమించు సమానంగా గెలుస్తున్నాయి. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నదానితో పని లేకుండా పోయింది. భాయ్ దీన్ని మంచి ఆట అంటాడు. బావ కూడా అంటాడు, కానీ తలుపు వైపు చూసి మెల్లగా అంటాడు. అన్నకు గడ్డం పెరిగింది. వదిన గీయబోతే వద్దంటాడట, ఆదివారం కూడా ఒక పూటే తింటాడట. అరుగుకూ అతని మంచానికీ మధ్య ఒక గోడే ఉంది, మా మాటలన్నీ వినబడతాయి. ఆట అయిపోయాక నేను లోపలికి పోయి అతని వెనక కాసేపు కూర్చుంటాను. ఎవరు గెలిచారని అడుగుతాడేమోనని చూస్తాను. ఇంతవరకు అడగలేదు.